సింకు కింది మర

అమెరికాలోని చాలా ఇళ్లలో వంటగది సింకు కింద, తూము నోటికి బిగించి, ఒక చిన్న మర వేలాడుతూ ఉంటుంది. దానిని గార్బేజ్ డిస్పోజల్ అంటారు. గోడ మీది స్విచ్చి నొక్కితే గురగురమని తిరిగి, సింకులో పడిన తొక్కలను, మెతుకులను నలిపి నీటితో పాటు మురుగు గొట్టంలోకి పంపుతుంది. మన ప్రాంతాలలో ఇది అరుదు గనుక మా బంధువులు దీనికి ‘సింకులో మిక్సీ’ అని పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది గాని, ఇందులో మిక్సీకి ఉండే బ్లేడ్ల వంటివి ఉండవు. అడుగున వేగంగా తిరిగే ఒక ఉక్కు పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదలే రెండు మొద్దు లోహపు ముక్కలు, చుట్టూ పళ్లున్న కదలని వలయం. పళ్లెం తిరిగే ఊపుకు చెత్త అంచులకు విసరబడి, ఆ పళ్లకు ఒరుసుకొని పిండి అవుతుంది. తిరగలి అంటే ఇంకా సరిపోతుంది.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో జాన్ హేమ్స్ అనే ఆర్కిటెక్టు 1927లో దీనికి రూపం ఇచ్చాడు. 1935లో పేటెంటు లభించింది. 1938 నాటికి కంపెనీ పెట్టి అమ్మకం మొదలుపెట్టాడు. అందరూ వెంటనే స్వాగతించారని కాదు. తమ పాత మురుగు కాలువలు తట్టుకోలేవన్న భయంతో న్యూయార్క్ నగరం 1997 వరకు చాలా ప్రాంతాలలో దీనిని ఇళ్లలో బిగించనివ్వలేదు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మేము కొనుక్కున్న ఇంటితో పాటే ఒక పాత మర కూడా మాకు సంక్రమించింది. మూడో వంతు హార్స్‌పవర్ మోటారు. దానితో గడిపిన సంవత్సరాలలో అమెరికా వంటకు తయారైన యంత్రం మన వంటను ఎంతవరకు భరించగలదో మాకు బాగా తెలిసివచ్చింది. కంపెనీవారి పుస్తకంలో సెలెరీ కాడలు, మొక్కజొన్న పొత్తు పొరలు వేయవద్దని ఉంటుంది. మునక్కాయ పిప్పి, చింతపండు పీచు, కొత్తిమీర కాడల సంగతి వారికేమి తెలుసు! పీచు పదార్థం నలగదు. తాడులా పేనుకొని తిరిగే పళ్లేనికి చుట్టుకుంటుంది. అన్నం మరొక రకమైన ఇబ్బంది. అది సులువుగానే నలుగుతుంది గాని, గొట్టం వంపులో నిలిచి, నీరు పీల్చి ఉబ్బి, జిగురులా పట్టుకుంటుంది. అన్నిటికంటె చెడ్డది కొవ్వు. పాయా, నిహారీ, హలీం వండిన గిన్నెను వేడినీటితో కడిగితే నెయ్యి, కొవ్వు కరిగి హాయిగా దిగిపోయినట్లే కనిపిస్తాయి. ముందుకు వెళ్లి చల్లబడిన చోట మైనంలా గడ్డకడతాయి. అందువల్లనే మర తిరిగేటప్పుడు చన్నీళ్లే వదలాలి, స్విచ్చి ఆపిన తరువాత కూడా పావు నిమిషం పాటు నీటిని పారనివ్వాలి. గిన్నెలోని కొవ్వును ముందే కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయడం మేలు. వాసన వస్తే నాలుగు ఐసు ముక్కలు, ఒక నిమ్మ తొక్క వేసి తిప్పితే చాలు. గొట్టాలు శుభ్రం చేసే ఘాటైన రసాయనాలు ఇందులో పోయకూడదు.

రమజాన్ మాసం మా మరకు గడ్డు కాలం. ఇఫ్తారుకు పదిమంది వస్తే పళ్లేలలో ఖర్జూరపు గింజలు మిగులుతాయి. ఎవరో ఒకరు సాయం చేయబోయి పళ్లేలను సింకులో దులుపుతారు. చిన్న గింజలు నలుగుతాయని కొన్ని కంపెనీలు చెబుతాయి. పెద్ద మోటారుకు అది నిజమే కావచ్చు. మా దానిలో మాత్రం ఖర్జూరపు గింజ గులకరాయిలా గలగలలాడి, చివరకు పళ్లేనికీ వలయానికీ నడుమ ఇరుక్కునేది. మోటారు తిరగలేక ‘మ్‌మ్’ అని మూలుగుతుంది. అప్పుడు వెంటనే స్విచ్చి ఆపాలి, మెయిన్ బోర్డులో దాని బ్రేకరు కూడా దించాలి. లోపల చేయి పెట్టడం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. యంత్రం అడుగున నడిమధ్యన ఆరు పలకల చిన్న గుంట ఉంటుంది. పావు అంగుళం ఆలెన్ కీ అందులో దూర్చి ముందుకూ వెనక్కూ తిప్పితే ఇరుకు వదులుతుంది. గింజను పటకారుతో పైకి తీయాలి. తరువాత అడుగుననే ఉండే ఎర్ర బొత్తాన్ని లోపలికి నొక్కితే మోటారుకు మళ్లీ ప్రాణం వస్తుంది. ఈ రెండు నిమిషాల పని తెలియక ప్లంబరును పిలిచి డబ్బు పోసేవారు ఎందరో.

రెండేళ్ల క్రితం సింకు కింది అల్మారాలో చెమ్మ కనిపించింది. ఇటువంటి కారుడు మూడు చోట్ల పుట్టవచ్చు. తూము అంచు దగ్గర అయితే పుట్టీ మళ్లీ పెట్టుకోవచ్చు. పక్క గొట్టాల దగ్గర అయితే క్లాంపు బిగించుకోవచ్చు. మర అడుగు నుండే చుక్కలు పడుతుంటే లోపలి సీలు పోయినట్లు. దానికి మరమ్మతు లేదు, మార్చవలసిందే. మాది మూడవది. పదేళ్లు దాటిన యంత్రానికి అది సహజమైన ముగింపే.

సరిగ్గా ఆ వారమే అమ్మీ నంద్యాల నుండి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. స్విచ్చిపై అంటించిన కాగితం చూసి విషయం అడిగారు. చెప్పాము. అన్నం మెతుకులు మురుగు నీటిలో కలపడానికి ఒక యంత్రమా అని ఆశ్చర్యపోయారు. ఆమె పెరిగిన ఇంట బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి. అది గేదె తాగేది. ఎండిన రొట్టె ముక్కలు కోళ్లకు, ఎముకలు వీధి కుక్కకు. కిందపడిన ముద్దను శుభ్రపరచుకొని తినమన్న దైవప్రవక్త (సఅసం) బోధను ఆమె మాకు మాటలతో కంటె చేతలతోనే నేర్పారు. “కొత్తది బిగించకపోతే ఏమవుతుంది, బేటా?” అని అడిగారు. మా దగ్గర వెంటనే జవాబు లేదు. యంత్రం లేకపోయినా ఇల్లు నడుస్తుంది. దానిని తీసివేసి మామూలు గొట్టం బిగించుకుంటే సరిపోతుంది.

మూడు వారాలు మర లేకుండానే గడిచాయి. అమ్మీ సింకు పక్కన మూత ఉన్న చిన్న బకెట్టు ఒకటి పెట్టారు. మరలో వేసినది క్షణంలో మాయమవుతుంది; బకెట్టులో వేసినది సాయంత్రం వరకు కనిపిస్తూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఉల్లి పొట్టు, టీ పొడి, అరటి తొక్కలు, ఎముకలు. వాటి గురించి అమ్మీకి ఏ అభ్యంతరమూ లేదు. పిల్లల బడి డబ్బాల నుండి తిరిగి వచ్చిన సగం రొట్టె, రెండు చెంచాల పులావు దగ్గర మాత్రం ఆమె చేయి ఆగేది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో లోకంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. అంత పెద్ద సంఖ్య మనసుకు పట్టదు. మూత తీస్తే కనిపించే సగం రొట్టె పడుతుంది.

మేము మా వాదన కూడా వినిపించాము. 2022 నుండి అమలులో ఉన్న కాలిఫోర్నియా చట్టం వంటింటి వ్యర్థాలను మామూలు చెత్తతో కలపనివ్వదు. మా వీధిలో వాటికి ఆకుపచ్చ డబ్బా ఉంది, అందులో పడినది ఎరువు అవుతుంది. ఓక్లాండ్‌లోని మురుగునీటి కేంద్రమైతే ఆహార వ్యర్థాల నుండి గ్యాసు పుట్టించి కరెంటు తీస్తున్నది. కనుక ఏదీ ఊరికే పోవడం లేదని చెప్పాము. అమ్మీ శ్రద్ధగా విన్నారు. “మంచిదే. కాని ఎరువు కోసం వండలేదు కదా” అన్నారు. దివ్య ఖుర్ఆన్ దుబారాను నిషేధించిన సంగతి మాకు తెలియనిది కాదు. అయినా ఈ మాట మా లెక్కలన్నిటికీ అడ్డుగా నిలిచింది. తొక్క వేరు, తిండి వేరు. తొక్కను ఎక్కడికి పంపాలన్నది నగరపాలక సంస్థ చూసుకునే విషయం. తిండిని అసలు పంపవచ్చునా అన్నది ఇంటి విషయం.

చివరకు ఇంటిల్లిపాదీ కూర్చొని మష్వరా చేసుకున్నాము. పళ్లేలు కడిగినప్పుడు జారే తునకలను ఎంత చూసినా పూర్తిగా ఆపలేము; ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట గొట్టం మూసుకుపోతే కష్టం. కొత్త మర బిగించుకోవాలని, తూము మీద ఉక్కు జల్లెడ ఎప్పుడూ ఉండాలని, వండినది ఏదీ సింకు దాకా రాకూడదని తీర్మానించాము. ఫ్రిజ్‌లో మధ్య అర అమ్మీది. మిగిలిన అన్నం మరుసటి ఉదయం సద్దన్నం. మిగిలిన రొట్టెలు బెల్లం, నెయ్యి వేసి మలీద. పిల్లలు మలీద కోసమే రొట్టె మిగుల్చుతున్నారని మాకు అనుమానం ఉంది గాని, అది వేరే సంగతి.

బిగింపుకు ప్లంబరు అడిగిన కూలి మర ధరను మించింది. మేమే పూనుకున్నాము. ముందు బ్రేకరు దించి, టెస్టరుతో చూసుకొని తీగలు విప్పాము. మర బరువు ఆరేడు కిలోలు ఉంటుంది. కింద పెయింటు డబ్బా ఆసరా పెట్టకుండా వలయం తిప్పితే కాళ్ల మీద పడుతుంది. సింకుకు అంటిన పాత పుట్టీని పూర్తిగా గీకి తీయడమే అన్నిటికంటె ఎక్కువ సమయం పట్టిన పని. కొత్త పుట్టీని జంతిక పిండిలా సన్నగా పేని అంచు కింద చుట్టూ పెట్టి, కింది నుండి మూడు మరలను తలా కొంచెం చొప్పున సమంగా బిగించాలి. ఒకటే గట్టిగా బిగిస్తే అంచు ఒక పక్కకు వాలి నీరు కారుతుంది. గిన్నెలు కడిగే యంత్రం గొట్టాన్ని కలిపే పక్క రంధ్రం కొత్త మరలో బిళ్లతో మూసి ఉంటుంది. బిగించక ముందే దానిని స్క్రూడ్రైవరుతో కొట్టి ఊడగొట్టి, లోపల పడిన ముక్కను బయటికి తీయాలి. నల్ల తీగ నల్లదానికి, తెల్లది తెల్లదానికి, ఆకుపచ్చది ఎర్తుకు. ఆపైన మరను ఎత్తి, మూడు కొక్కేలూ గాడిలో పడేలా తిప్పడమే. సింకు నిండా నీరు పట్టి ఒక్కసారిగా వదిలి, ప్రతి అతుకు కింద పొడి కాగితం పెట్టి చూశాము. తడి తగలలేదు. ఈసారిది అర హార్స్‌పవర్, శబ్దం తక్కువ.

ఈ సంగతి విని హైదరాబాదులోని చెల్లెలు తనకూ ఒకటి తెమ్మన్నది. ఇక్కడివి 120 వోల్టులవి, అక్కడి 230 వోల్టులకు కాలిపోతాయని వద్దన్నాము. పైగా అప్పుడు అమలులో ఉన్న 2016 నాటి నియమాల ప్రకారం తడి చెత్తను వేరు చేసి ఇస్తే బండి గుమ్మం ముందుకే వచ్చి తీసుకువెళ్లే ఊరిలో ఈ మర అవసరం మాకు కనిపించలేదు.

అమ్మీ నంద్యాలకు తిరిగి వెళ్లారు. ఆమె బకెట్టు అక్కడే ఉంది. దాని పక్కన అల్మారా తలుపుకు దారం కట్టి ఆలెన్ కీ వేలాడదీశాము, ఇంతవరకు దానితో పని పడలేదు. ఇఫ్తారు దస్తర్‌ఖాన్ మీద ఇప్పుడు ఖర్జూరపు గింజలకు వేరుగా ఒక గిన్నె ఉంటుంది. వచ్చిన పిల్లలు ఎవరివి ఎన్ని గింజలో లెక్కపెట్టి మరీ అందులో వేస్తారు.