ముంగ్యాంగ్ సేజే మట్టిదారి

దక్షిణ కొరియాలో ముంగ్యాంగ్ సేజే కనుమ ఎక్కుతుంటే కోట ద్వారాల కన్నా పైన్ చెట్లే నన్ను ఎక్కువసేపు ఆపేశాయి. కొన్ని మానుల మొదట్లో బెరడు ఒలిచేసిన పెద్ద మచ్చలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఇంధనం కోసం, అప్పట్లో కొరియాను ఏలుతున్న జపాన్ పాలకులు బంక తీయించిన గాట్లవి. 80 ఏళ్లయినా పూడలేదు. తడిమితే గరుగ్గా తగిలాయి, మనసు కలుక్కుమంది.

పూర్వం రాజధానిలో ప్రభుత్వోద్యోగ పరీక్షలు రాయడానికి దక్షిణాది పండితులు వెళ్లిన దారి ఇదే. 1592లో జపాన్ సైన్యం దండెత్తి వస్తుంటే కొరియా సేనాని శిన్ రిప్ ఈ ఇరుకు కనుమను వదిలేసి, చుంగ్జు దగ్గర నదిని వెనక పెట్టుకుని నిలబడ్డాడు. ఓడిపోయాడు, ప్రాణమూ పోయింది. రెండు పక్కలా నిటారు కొండల్ని చూశాక ఆ నిర్ణయం నాకింకా మింగుడుపడటం లేదు. కనుమలోని మూడు కోట ద్వారాలూ ఆ తర్వాతే వచ్చాయి: రెండోది 1594లో, మిగతా రెండూ 1708లో.

దారి పక్కన, కార్చిచ్చు విషయంలో జాగ్రత్త అని కొరియా సొంత లిపి హంగుల్‌లో చెక్కిన పాత రాయి ఉంది. శాసనాలు దాదాపు అన్నీ చైనా లిపిలో వేయించే కాలంలో, మామూలు జనం చదువుకోవాలని పెట్టిన రాయి! ఎంత మంచి ఆలోచన!

మొదటి ద్వారం నుంచి మూడోదాకా సుమారు 6.5 కిలోమీటర్లు, అంతా మట్టిదారే. చాలామంది చెప్పులు చేతబట్టుకుని నడుస్తారు. కొరియాలో ఉంటున్న మనవాళ్లూ, సియోల్‌తో సరిపెట్టుకోకండి. ఒక్క రోజు తీరిక చేసుకుని ఈ కనుమ నడవండి.