సగం కొండ చాలు!

పిల్లలు అంతదూరం నడవగలరా? పెద్దావిడ మోకాళ్లు సహకరిస్తాయా? అడవిలో కొండ ఎక్కుదామనుకోగానే ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే ప్రశ్నలివే. ప్రొద్దుటూరులోని ఆ ఇంట్లోనూ ఇవే వచ్చాయి. తీరా నల్లమలలోకి వెళ్లాక ఇబ్బందిపడింది పిల్లలూ కాదు, పెద్దావిడా కాదు!

ఆయన బ్యాంకు ఉద్యోగి. నలభై ఆరేళ్లు. మూడేళ్లుగా షుగరు. రోజూ పొద్దున్నే కాలనీ పార్కులో నాలుగు కిలోమీటర్లు నడుస్తారు కాబట్టి నడకంటే భయం లేదు. పదమూడేళ్ల కూతురికీ, ఎనిమిదేళ్ల కొడుక్కీ అహోబిలం కొండ చూపించాలన్నది ఆయన చిరకాల కోరిక. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఎక్కిన కొండ అది. రెండుగా చీలినట్టు నిలబడే ఉగ్రస్తంభం గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

డిసెంబరులో ఓ ఆదివారం ముహూర్తం కుదిరింది. అంతకుముందు వారం రోజులు ఇంట్లో అదే హడావుడి. పిల్లలకు కొత్త బూట్లు, టోపీలు, నీళ్ల సీసాలు... కొడుకు అలిసిపోతే ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో కూడా ఆయన కాగితం మీద రాసుకున్నారు. జేజి మాత్రం ముందురోజు రాత్రి పులిహోర కలిపి, చెనక్కాయ ఉండలు, నాలుగు బెల్లం ముక్కలు మూటగట్టి మనవరాలి సంచిలో పెట్టింది. ‘ఎందుకమ్మా బరువు, కొండెక్కే పిల్లకు?’ అని ఆయన విసుక్కున్నారు. ‘ఉండనీలే నాయనా, ఏం అడుగుతాయా అవి?’ అందామె.

భవనాశి పక్కనే...

తెల్లవారుజామున బయల్దేరి ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం, అక్కణ్నుంచి ఘాట్‌రోడ్డులో ఎగువ అహోబిలం చేరేసరికి ఏడున్నర. దారిలో ఫ్లాస్కులోని కాఫీ తాగి, ఎప్పట్లాగే షుగరు మాత్ర వేసుకున్నారాయన. ‘టిఫిను?’ అంది భార్య. ‘ఎండెక్కక ముందే పైకి పోయొద్దాం. వచ్చాక తీరిగ్గా తినొచ్చు’ అన్నారు. పిల్లలు మాత్రం చెరో రెండు ఇడ్లీలు తిన్నారు. జేజి ఎగువ అహోబిలం గుడి దగ్గరే ఉండిపోయింది. దర్శనం చేసుకుని, మండపంలో కూర్చుంటానంది.

నవ నారసింహ క్షేత్రాల్లో కొన్నింటికి రోడ్డు ఉంది. దిగువ అహోబిలం దగ్గరి ఛత్రవట, యోగానంద ఆలయాలకూ, ఎగువకు వెళ్లే దారిలోని కారంజ నరసింహుడి గుడికీ వాహనంలోనే వెళ్లొచ్చు. అసలు నడకంతా ఎగువ అహోబిలం నుంచి మొదలవుతుంది. భవనాశి ఏటి వెంట కిలోమీటరు దూరంలో వరాహ నరసింహస్వామి. ఇంకా పైకెళ్తే మొత్తం నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది జ్వాలా నరసింహుడి కొండ. అక్కడికి మెట్లున్నాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి ఇనుప కడ్డీలూ ఉన్నాయి. ఉగ్రస్తంభం మాత్రం అందరి వల్లా కాదు. నిట్టనిలువు ఎక్కుడు.

దారి మొదట్లోనే చేతికర్రలు తీసుకున్నారు. కర్ర దొరికిందే చాలన్నట్టు కొడుకు ముందు పరిగెత్తాడు. వెదురు పొదలు, నున్నటి బండలు, వాటి మధ్య జారే చల్లటి నీళ్లు... పైన కొమ్మల మీద కోతుల మందలు. నరసింహస్వామి చెంచులక్ష్మిని మనువాడింది ఈ అడవిలోనే అని జేజి చెప్పిన కథను చెల్లాచెదురుగా అక్కకు చెబుతూ నడుస్తున్నాడు వాడు. వరాహస్వామి గుడిదాకా అంతా సరదాగానే సాగింది.

నాన్నకు కోపమొచ్చింది!

మెట్లు మొదలయ్యాక కొడుకు ఒకచోట ఆగి బండ సందులో బల్లిని చూస్తున్నాడు. ‘ఎన్నిసార్లు ఆగుతావురా? నడువు!’ అని గట్టిగా అరిచారాయన. పిల్లాడు బిత్తరపోయాడు. ఇంట్లో ఎన్నడూ గొంతు పెంచని మనిషి. భార్య కూడా ఏమీ అనకుండా పైకి నడిచింది. కూతురు మాత్రం ఆయన వంక చూసింది. అంత చలిగాలిలోనూ నుదుటిమీద చెమటలు. కడ్డీని పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

‘అమ్మా, నాన్నకు చక్కెర తగ్గినట్టుంది’ అంది.

షుగరు పెరిగితే ప్రమాదమనే మనకు తెలుసు. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా కష్టపడితే ఉన్నట్టుండి పడిపోవచ్చు కూడా. అన్ని మాత్రలకూ ఇలా కాదుగానీ, కొన్ని రకాలు వాడేవాళ్లకూ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు మసకలు... కొందరికైతే అకారణంగా కోపం. నిర్లక్ష్యం చేస్తే స్పృహ తప్పుతుంది. ఒకవైపు లోయ ఉన్న మెట్లమీద అలా జరిగితే?

ఆయన్ను మెట్టుమీద కూర్చోబెట్టారు. ‘ఏం కాలేదు, ఊరికే ఆయాసం’ అంటూనే ఉన్నారాయన. కూతురు సంచి విప్పి జేజి పెట్టిన బెల్లం ముక్కలు తీసింది. రెండు నమిలి నీళ్లు తాగించారు. పావుగంటకు చెమట ఆరింది, వణుకు తగ్గింది. అప్పుడు పులిహోర పెట్టారు. పక్కనే కూర్చున్న కొడుకు నాన్న కర్రను వదలకుండా పట్టుకునే ఉన్నాడు.

కాస్త తేరుకోగానే ఆయన లేచారు. ‘ఇంక కొంచెమే కదా, పోదాం పదండి. ఇంతదూరం వచ్చి...’

భార్య కదల్లేదు. పిల్లలు ఆమె వైపు చూశారు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఓ డోలీ దిగుతోంది. మోసేవాళ్లు వీళ్ల పక్కనే దాన్ని కిందికి దించి భుజాలు మార్చుకున్నారు. వాళ్లలో ఎవరికీ ఆయాసం ఉన్నట్టు లేదు. ‘అలిసిపోకుండానే ఆపినారే?’ అనడిగాడు పిల్లాడు. వాళ్లలో పెద్దాయన నవ్వాడు. ‘ఆయాసం వచ్చినాక దించితే కాలు జారుతాది నాయనా. రాకముందే దించాల.’

ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. కర్ర తీసుకుని కిందివైపు తిరిగారు.

జేజి చెప్పిన మాట

దిగేటప్పుడు వరస మారింది. ముందు కూతురు, తర్వాత ఆయన, వెనక తల్లీకొడుకులు. కొడుకు ఎక్కడ ఆగితే అక్కడ అందరూ ఆగారు. అప్పుడుగానీ ఆ బండ సందులో బల్లిని ఆయన చూడలేదు!

మండపంలో జేజి ఎదురుచూస్తోంది. ‘చూసినారా?’ అంది. ‘సగం చూసినాం’ అన్నారాయన తలొంచుకుని. జరిగింది విని ఆమె కొడుకు తల నిమిరింది. ‘మీ నాయన మాత్రం? నిన్ను రెండుసార్లు తీసుకుపోయి సగంలోనే తెచ్చినాడు. ఒకసారి నీకు కాళ్లు నొచ్చినాయి, ఇంకోసారి ఆయనకు. మూడోసారి గదా స్తంభం చూసింది!’

ఆయనకు మూడోసారి మాత్రమే గుర్తుంది.

వెళ్లాలనుకుంటే...

కుటుంబంతో నడవాలంటే మన దగ్గర దారులకు కొదవలేదు. శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. తలకోనలో 270 అడుగుల జలపాతం కిందికి కాసేపట్లోనే నడిచిపోవచ్చు. ఎక్కడికెళ్లినా అడవి అడవే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైన సంగతి మరవకూడదు. చిన్నపిల్లల్ని చెయ్యి వదలొద్దు, గుంపు నుంచి విడిపోవద్దు, చీకటి పడేవేళకు దారిలో ఉండొద్దు. వానలప్పుడు ఏరు ఒక్కసారిగా పొంగుతుంది, బండలు జారతాయి. బయల్దేరేముందు అక్కడి సిబ్బందిని అడిగి వెళ్లడం మంచిది.

షుగరున్నవాళ్లు నడకరోజు మాత్ర ఎంత, ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడగాలి. తినకుండా కొండ ఎక్కొద్దు. గ్లూకోజ్ పొడో, చక్కెరో జేబులోనే ఉండాలి. అది ఎక్కడుందో పిల్లలకూ తెలియాలి.

మరుసటి ఏడాది జనవరిలో ఆ కుటుంబం మళ్లీ వెళ్లింది. ఈసారి అందరూ టిఫిను తిన్నారు. గ్లూకోమీటరు వెంట తీసుకెళ్లారు. అలసట వచ్చినా రాకపోయినా అరగంటకోసారి కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో చెప్పే బాధ్యత ఎనిమిదేళ్లు దాటిన చిన్నోడిది. జ్వాలా నరసింహుణ్ని చూసుకుని క్షేమంగా దిగొచ్చారు.

ఉగ్రస్తంభమా? అది మూడోసారికి!