గాడి కుదరాలి



మా అబ్బాయి గేములాడే కంప్యూటరు సొంతంగా బిగించుకుంటానన్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్నది, వాళ్లమ్మ చీటీ డబ్బు కలిపితే 55,000. పాస్టరు కొడుక్కి గేములేంటని ముందు కోప్పడ్డాను. తర్వాత మనసొప్పక, వాడికి చెప్పకుండా సంగం జాగర్లమూడిలో రైలెక్కి గుంటూరు వెళ్లి, కొత్త రకమని డీడీఆర్5 ర్యామ్ కొనుక్కొచ్చాను.

అది బోర్డులో దిగలేదు. వాడు ఎంచుకున్న రైజెన్ 5 5600 ఏఎం4 సాకెట్‌ది. ఆ బోర్డులకు డీడీఆర్4 మాత్రమే పడుతుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి గాని, గాడి ఉన్న చోటు వేరు. బలవంతంగా నొక్కితే విరుగుతుందే తప్ప కూర్చోదు.

"కొనేముందు నన్నొక్క మాట అడగాల్సింది నాన్నా" అన్నాడు నెమ్మదిగా.

వాడు రాసుకున్న కాగితం చూపించాడు. ఆ ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి కార్డు తప్పదు. ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్ల దాకా లాగుతుంది, అందుకని 550 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్. రంగు లైట్ల క్యాబినెట్ కొట్టేశాడు.

లూకా 14లో గోపురం కట్టేవాడి సంగతి ఎన్నిసార్లు ప్రసంగించానో! కూర్చుని లెక్క చూసుకున్నది మాత్రం నా కొడుకు.

ర్యామ్ మార్చుకొచ్చాం. తగ్గిన 600 నేనే పెట్టుకున్నాను.

ప్రేమతో తెచ్చినదైనా, అడగకుండా తెస్తే కుదరకపోవచ్చు. ఈ వారం మీ పిల్లలకు బుద్ధి చెప్పేముందు ఒక్క మాట అడిగి వినండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.