కిరాయిదార్లం

మీరెవరన్న ప్రశ్న మమ్మల్ని చాలా చోట్ల అడిగారు. చరిత్ర పాఠాల్లో అడిగారు. క్రికెట్ మ్యాచ్ రోజున అడిగారు. ఎన్నికల సభల్లో మైకు పెట్టి మరీ అడిగారు. అన్నిటికంటే సూటిగా అడిగేది మాత్రం అద్దెకిచ్చే ఇంటి గుమ్మం. అక్కడ వాదనలుండవు. పేరు చెప్పగానే తలుపు సగం మూసుకుంటుంది. అందుకే, అస్తిత్వం గురించి రాయమంటే మేం కిరాయి గురించి రాస్తున్నాం.

ఉప్పాడ అందరికీ చీరతో తెలుసు. రెండు వైపులా ఒకేలా కనిపించే బుటా, జాందానీ నేత. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జాందానీ అన్నది ఫారసీ మాట. మొగలుల కాలంలో ఢాకా మగ్గాల మీద వెలిగిన పనితనం అది. ఆ మాట ఎన్ని ఊళ్లు తిరిగొచ్చిందో, ఈ ఒడ్డున గుంటమగ్గం పక్కన చేరి తెలుగు మాటైపోయింది. దాని కులం, మతం ఎవరూ అడగలేదు.

మమ్మల్ని అడిగారు. పత్రిక పని మీద కొన్ని నెలలు అక్కడుండాల్సొచ్చి ఇల్లు వెతుక్కున్నాం. ఒకాయన రెండు గదులు చూపించాడు. అద్దె చెప్పాడు, అడ్వాన్సు చెప్పాడు. చివర్లో, "ఇంతకీ మీరేవుట్లండీ?" అన్నాడు. చెప్పాం. "మీ తెలుగు వింటే అలా అనుకోలేదండీ" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. కాసేపాగి, "మా ఆవిడకి నీసు వాసన పడదండీ" అన్నాడు. అప్పటికి ఆ వీధి పొడుగునా ఎండుచేపలు ఆరేసి ఉన్నాయి. రెండో ఇంటికి చుట్టాలొస్తున్నారన్నారు. మూడో ఇంట్లో రిపేర్లన్నారు. మా పేరు వినగానే ఎక్కడెక్కడి చుట్టాలూ బయల్దేరతారు, నిన్నటి దాకా బాగున్న గోడలు బీటలిస్తాయి.

ఇది ఒక్క ఊరి గొడవ కాదు. ముస్లింలు కోరుకున్న చోట ఇల్లు కొనుక్కోలేకపోతున్నారనీ, అద్దెకు తెచ్చుకోలేకపోతున్నారనీ 2006లో సచార్ కమిటీ రాసింది. చట్టాలు లేవా అంటారు. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో అద్దెల నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చే దారి అందులో ఉండేది. అయితే ఇచ్చిన ఇంటికి అద్దె తేల్చడం వేరు. ఇవ్వనన్నవాడి చేత ఇప్పించడం వేరు.

ఉప్పాడలో గూడు కరువైంది మాకొక్కళ్లకేనా? కాదు. అక్కడ అందరికంటే పెద్ద ఓనరు సముద్రం. నోటీసివ్వదు, ఖాళీ చేయిస్తుంది. సుబ్బంపేట, మాయాపట్నం వైపు వెళ్లి ఏ పెద్దావిణ్ణి అడిగినా, నీళ్లలోకి చెయ్యి చూపించి మా ఇల్లు అక్కడుండేదంటుంది. గోదావరి ఆనకట్టల వెనక ఆగిన ఇసుక ఒక కారణమనీ, ఒడ్డు వెంట కదిలే ఇసుకకు అడ్డుపడిన కాకినాడ రేవు కట్టడాలు ఇంకో కారణమనీ చదువుకున్నవాళ్లు చెబుతారు. రాళ్లు పోశారు, జియోట్యూబులు పరిచారు. అలలు వాటినీ లాగేశాయి. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు బీచ్ రోడ్డు మళ్లీ ముక్కలైంది. ఇల్లు పోయిన వేటగాళ్ల కుటుంబం ఆ రాత్రి ఎక్కడికి పోవాలి? చుట్టాల అరుగు మీదికి, లేదంటే అద్దె గదికి. ఇళ్లు తగ్గుతూ అడిగేవాళ్లు పెరుగుతుంటే కిరాయి ఎటు పోతుందో లెక్కల మాస్టారు చెప్పక్కర్లేదు.

దీనికి సర్కార్లకు తెలిసిన జవాబు ఒక్కటే, పట్టా. 2020 డిసెంబరు 25న ఉప్పాడకు దగ్గర్లోని కొమరగిరిలోనే రాష్ట్రమంతటికీ ఇళ్లపట్టాల పంపిణీ మొదలుపెట్టారు. 30 లక్షలకు పైగా పట్టాలన్నారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. ఆడవాళ్ల పేరు మీద కాగితం రావడం చిన్న సంగతేం కాదు. ఆ కాగితాన్ని మేం ఎగతాళి చెయ్యం. కానీ స్థలం చవగ్గా దొరికిన చోట ఉంటుంది, పని ఇంకో చోట ఉంటుంది. వేటకెళ్లేవాడికి బోటు కనిపించేంత దూరంలో ఇల్లుండాలి. నేతగాడికి నేల పొడిగా ఉండాలి, మగ్గం పట్టేంత గది ఉండాలి. పైగా లిస్టులో లేనివాళ్లు, రేషన్ కార్డు వేరే ఊళ్లో ఉన్నవాళ్లు, ఏడాదికో రెండేళ్లకో వచ్చిపోయేవాళ్లు ఏం కావాలి? 2020లో వలస కూలీలు కాలినడకన ఊళ్లకు వెళ్లాక, కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్లున్నాయి. రెండూ పట్టణాలకే. ఉప్పాడ పల్లెటూరు మరి!

మేమడిగేది ఖర్చు కిరాయి. కట్టడానికి ఎంతైందో, అప్పుకు వడ్డీ ఎంతో, మరమ్మతులకు ఎంతో, అంతే అద్దె. లాభం లేదు. సర్కారు స్థలంలో ఇంటికి ఆరు లక్షలవుతుందనుకుందాం. 30 ఏళ్లలో తీర్చాలి. అసలు మాత్రమే అయితే నెలకు 1,667 రూపాయలు. ఏడాదికి నూటికి 5 వడ్డీ పడితే 3,221. వడ్డీ 9 అయితే 4,828. దానిపైన మరమ్మతులకు ఓ ఐదొందలు. చూశారా, ఇటుక అదే, సిమెంటు అదే, వడ్డీయే నెల వాయిదాను మూడింతలకు దగ్గర చేస్తోంది. సూద్ హరామ్ అని అమ్మీ ఎందుకంటుందో ఈ లెక్క చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. సర్కారు వడ్డీ భారం మోస్తే చాలు, పేదవాడు తన ఇంటి ఖర్చు తనే కట్టుకుంటాడు. 30 ఏళ్ల తర్వాత అప్పుండదు. అప్పుడొచ్చే కిరాయితో పక్కన ఇంకో ఇల్లు లేస్తుంది. పట్టా ఒక్క కుటుంబంతో ఆగిపోతుంది. ఈ ఇల్లు ఒకరి తర్వాత ఒకరికి నీడనిస్తుంది.

ఇదేం కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని, వాళ్ల ఇళ్లను తీసుకుపోయింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీల చోట తరగతుల వారీగా ఇళ్లు కట్టి కిరాయికిచ్చింది. రాజులను పొగడ్డానికి చెప్పడం లేదు. నీళ్లు ఇళ్లు తీసుకుపోతే సర్కారే ఓనరు కావచ్చని మన గడ్డ మీదే ఒకసారి తేలిందని గుర్తు చేస్తున్నాం. వియన్నా నగరం 1923లో ఇళ్ల పన్ను వేసి, 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. అక్కడ లాభం తీసుకోని గృహ సంఘాలు ఖర్చుకు మించి అద్దె తీసుకోకూడదని చట్టమే ఉంది. ఇప్పటికీ ఆ నగరంలో సగం మంది దాకా ఇలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు.

మీవాళ్లంతా కలిసి ఓ కాలనీ కట్టుకోవచ్చుగా అని సలహా ఇచ్చే సెక్యులర్ మిత్రులున్నారు. ఒక మతం వాళ్లకే సభ్యత్వమిచ్చే హౌసింగ్ సొసైటీ తప్పు కాదని 2005లో సుప్రీం కోర్టు పార్సీల కేసులో చెప్పింది కూడా. కట్టుకోవచ్చు. కానీ భాయ్, గోడ లోపల మేం, బయట మీరు, ఇదేనా ఊరంటే? మా పిల్లలు వేట పాటలు వినకుండా, మీ పిల్లలు మా అజాన్‌ను దూరం నుంచి మాత్రమే వింటూ పెరగాలా?

మాకు ప్రత్యేకమైన ఇల్లొద్దు. వరస నంబరు చూసి తాళం చెవి ఇచ్చే ఇల్లు కావాలి. ఎడమ పక్క సముద్రం తరిమిన జాలరి, కుడి పక్క మగ్గం పెట్టుకున్న నేతగాడు, మధ్యలో ఓనర్లు తరిమిన మేం. మా ఇంటి బిర్యానీ వాసన, వాళ్ల ఇంటి చేపల పులుసు వాసన ఒకే వసారాలో కలవాలి. ప్రతి నెలా కిరాయి కట్టి రసీదు తీసుకుంటాం. ఆ రసీదు మీద మా పేరు తప్పుల్లేకుండా రాస్తే చాలు.