640 కిలోబైట్లు

స్థలాభావం కూడా మనిషికి ఒక గురువే. ఆ గురువు నాకు నేర్పిన పాఠాన్ని విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

1993లో నేను డిగ్రీ ప్రథమ సంవత్సరం విద్యార్థిని. నాడు మా కళాశాలకంతటికీ ఒకే ఒక కంప్యూటర్ ఉండేది. పగలు దానిపై ఫీజుల లెక్కలు, సాయంత్రం మా అభ్యాసం. గది తాళం మేమంతా ‘చాచా’ అని పిలిచే వృద్ధుడైన అటెండరు వద్ద ఉండేది. ఒకనాడు మిత్రుడొకడు విమానయుద్ధపు ఆట ఒకటి ఫ్లాపీలలో తెచ్చాడు. నడపబోతే, కనీసం 570 కిలోబైట్ల మెమరీ ఖాళీగా ఉండాలంటూ అది ఆగిపోయింది. యంత్రంలో 2 మెగాబైట్లు ఉండగా ఈ కొరత ఏమిటని మేము విస్తుపోయాము.

దీనికి కారణం పాతది. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లోని ఇంటెల్ 8088 చిప్పుకు చిరునామా తీగలు 20. రెండును ఇరవై మార్లు హెచ్చవేయగా వచ్చే 10,48,576 బైట్లను, అనగా ఒక మెగాబైటును మాత్రమే అది చూడగలదు. నిర్మాతలు అందులో పై 384 కిలోబైట్లను తెరకు, ఇతర పరికరాలకు కేటాయించి, క్రింది 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు విడిచారు. 16 కిలోబైట్లతోనూ ఆ యంత్రం అమ్ముడైన ఆ రోజులలో 640 అంటే సముద్రమే. తరువాతి చిప్పులకు ఆ హద్దు లేకపోయినా, పాత ప్రోగ్రాములు నడవాలి గావున డాస్ ఆ హద్దులోనే ఉండిపోయింది. డాస్, దాని డ్రైవర్లు ఆ 640లోనే కూర్చోగా మిగిలినదే ఆటకు దక్కేది.

మెమ్ అనే ఆజ్ఞ ఇచ్చి చూస్తే ఖాళీ 554. నేను కాన్ఫిగ్.సిస్ ఫైలు తెరచి, ఆన్సీ.సిస్ అనే పంక్తిని తుడిచివేశాను. 4 కిలోబైట్లు వచ్చాయి. ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైలులోని మౌస్ పంక్తిని కూడా తీసివేశాను. మరి 15 వచ్చాయి. మొత్తం 573! విమానం ఎగిరింది. ఆ పంక్తులు ఎవరికి అవసరమో నేను విచారించలేదు. నకలు కూడా ఉంచుకోలేదు.

మరునాడు పరీక్ష ఫీజుకు ఆఖరు రోజు. ఫీజుల ప్రోగ్రాము తెరవగానే అక్షరాలకు బదులు బాణాలు, బ్రాకెట్లు, అంకెలు తెరనిండా కలగాపులగంగా కనిపించాయి. తెరను తీర్చిదిద్దడానికి ఆ ప్రోగ్రాము ఆన్సీ.సిస్ మీదనే ఆధారపడి ఉన్నదని నాకు తెలియదు. వైరస్ పట్టిందన్నారు. నిన్న గది తెరచినదెవరని ప్రిన్సిపాల్‌గారు అడిగితే చాచా తానేనన్నాడు. మా పేర్లు చెప్పలేదు. మూడు రోజుల జీతం కోత అన్నారు. వరండాలో, ఫీజు వరుసలో నిలబడి నేను ఇదంతా విన్నాను. నాకు ఫీజు రాయితీ ఉన్నది. అది పోతుందన్న భయంతో నోరు మెదపలేకపోయాను. మధ్యాహ్నానికి గాని నా కాళ్లు ప్రిన్సిపాల్‌గారి గది వైపు కదలలేదు.

ఆయన నన్ను దండించలేదు. లెక్చరర్‌గారి వద్దకు పంపారు. వారు ముందుగా నేను తుడిచిన పంక్తులను తిరిగి వ్రాయించారు. పిమ్మట, “తీసివేయడం కాదు, చోటు మార్చడం నేర్చుకో” అన్నారు. 1991లో వచ్చిన డాస్ 5.0లో అందుకు మార్గం కలదు. హైమెమ్.సిస్‌ను చేర్చి ‘డాస్ = హై’ అని వ్రాస్తే, డాస్‌లో అధికభాగం ఒక మెగాబైటు సరిహద్దు దాటగానే ఉన్న 65,520 బైట్ల చోటికి వెళ్లిపోతుంది. ఈఎంఎం386 ఆ పై 384 కిలోబైట్లలో వాడుకలో లేని ఖాళీలను మెమరీతో నింపుతుంది. డివైస్‌హై, లోడ్‌హై అనే ఆజ్ఞలు డ్రైవర్లను అక్కడికి చేర్చుతాయి. అన్నీ ముగించి మెమ్ చూస్తే ఖాళీ 600 దాటింది. తెరపై ఫీజుల లెక్కలు చక్కగా కనిపించాయి. మౌస్ కూడా కదిలింది. ఎవరినీ గెంటవలసిన పని లేకపోయింది.

సాయంత్రం చాచా వద్దకు వెళ్లి తలవంచుకున్నాను. మా పేర్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. “గది తెరచింది నేనే గదా బేటా. అడిగినదానికి జవాబు చెప్పాను” అన్నాడు.

ఆ 640 హద్దు కాలగర్భంలో కలిసింది. 1995లో వచ్చిన విండోస్ 95 తరువాత సామాన్యులకు ఆ బాధ క్రమంగా తగ్గింది. నేడు డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాములో ఆ పాత ఆటలను ఏ కుస్తీ లేకుండా ఆడవచ్చు. కాని సోదర విద్యార్థులారా, మన సౌకర్యం కోసం ఒక పంక్తిని తుడిచే ముందు, దానిపై ఎవరు ఆధారపడి ఉన్నారో ఒక్క క్షణం ఆలోచించండి. చాచా జీతం కోత ఆనాడే రద్దయింది. ఉదయం నుండి మధ్యాహ్నం వరకు ఆయన అందరి ఎదుట దోషిగా నిలబడిన కాలాన్ని మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.