పేరు ఇండియాది.. బతుకు ఏడు సముద్రాలది!

శాన్ డియాగో ట్రిప్ అనగానే జూ, బీచ్‌లు లిస్టులోకి ఎక్కేస్తాయి. రెండు గంటలు మిగిలితే మాత్రం డౌన్‌టౌన్ దగ్గర బే ఒడ్డుకు వెళ్లండి. మూడు ఎత్తయిన స్తంభాలు, వాటి నిండా మోకులతో ఓ పాత తెరచాప ఓడ కనిపిస్తుంది. పేరు 'స్టార్ ఆఫ్ ఇండియా'. ఆ పేరు చూసే నేను ఆగిపోయాను.

నిజానికిది మన దేశపు ఓడ కాదు. 1863లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో కట్టారు. అసలు పేరు యుటర్పీ. చెక్క ఓడలే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో దీని ఒళ్లంతా ఇనుమే. కొత్తలో తిరిగింది మాత్రం మన బంగాళాఖాతంలోనే. 1865లో మద్రాసు దగ్గర తుఫానులో చిక్కుకుంటే, మునిగిపోకుండా స్తంభాలే నరికేశారు. ఎలాగోలా ట్రింకోమలీ చేరి, కలకత్తాలో రిపేరు చేయించుకుంది. తిరుగు ప్రయాణంలో కెప్టెన్ చనిపోతే సముద్రంలోనే అంత్యక్రియలు జరిపారు.

1871 నుంచి పాతికేళ్లు వలస కుటుంబాలను ఇంగ్లండ్ నుంచి న్యూజిలాండ్‌కు మోసింది. ఇంజిన్ లేదు, గాలే దిక్కు. త్వరగా వెళ్తే 100 రోజులు, ఆలస్యమైతే 143. హైదరాబాద్ ఫ్లైట్‌లో ఒక్కరోజు కూర్చోవడానికే మనం విసుక్కుంటాం కదా! తర్వాత అలాస్కా సాల్మన్ చేపల కంపెనీ కొంది. తమ ఓడలన్నిటికీ 'స్టార్' అని పెట్టుకునే ఆ కంపెనీ, 1906లో దీనికి ఇండియా పేరు తగిలించింది. ఆవిరి ఓడలొచ్చాక 1923లో పక్కన పెట్టేశారు.

1926లో 9,000 డాలర్లకు కొన్నదెవరో తెలుసా? శాన్ డియాగో జూ సొసైటీ! మ్యూజియం, అక్వేరియం పెడదామనుకున్నారు. ఈలోగా ఆర్థిక మాంద్యం, ఆపై యుద్ధం. ముప్పై ఏళ్లు ఓడ తుప్పు పట్టింది. 1957లో ఇక్కడికొచ్చిన నావికుడు, రచయిత అలన్ విలియర్స్ దాని గతి చూసి ఊరినే బహిరంగంగా కడిగేశాడు. అప్పుడు కదిలారు జనం. నెమ్మదిగా బాగుచేసి 1976లో మళ్లీ తెరచాపలెత్తి సముద్రంలోకి పంపారు.

మా సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫీచర్‌కే చప్పట్లు, మెయింటెనెన్స్‌కు ఎవరూ కొట్టరు. ఈ ఓడ బతికింది మాత్రం ఆ పనితోనే. తుప్పు గోకేది, మోకులు సరిచేసేది చాలావరకు వాలంటీర్లే.

ఎక్కితే అడుగు భాగం దాకా దిగండి. ఆ ఇనుప ఒళ్లు చాలావరకు అసలుదే. మన తుఫానును తట్టుకున్న ఇనుము అది.