చీకట్లో చెంబు

నిన్న రాత్రి కరెంటు పోయింది. దాహమేసి, మంచం పక్కన పెట్టుకున్న ఇత్తడి చెంబు కోసం చీకట్లో చెయ్యి చాపాను. పెట్టినచోటే ఉంది. ఉండక ఎక్కడికి పోతుందంటారా? ఆగండి, చిక్కంతా అక్కడే ఉంది. నేను చూడని, తాకని ఆ కాసేపూ చెంబు ఉందని మీకూ నాకూ ఎలా తెలుసు?

ఐర్లండులో పుట్టిన తత్త్వవేత్త బర్క్‌లీ పాతికేళ్ల వయసులో, 1710లో, దీని మీదే పుస్తకం వేశాడు. రంగు, చల్లదనం, నున్నదనం అన్నీ మన అనుభవాలే కదా, అవి తీసేస్తే చెంబులో మిగిలేదేమిటన్నాడు. మనం చూడనప్పుడు దేవుడి ఎరుకలో లోకం నిలిచి ఉంటుందని ఆయన నమ్మకం. బర్క్‌లీ వాదాన్ని కాదనడానికి ఇంగ్లిషు రచయిత శామ్యూల్ జాన్సన్ ఓ పెద్ద రాయిని కాలితో తన్ని చూపించాడు. చాలామంది మెచ్చుకునే జవాబే గాని, నాకు చాలదు. తగిలిన దెబ్బ కూడా మనసుకు తెలిసిందేగా!

ఈ వాదం మన దేశంలో అంతకు వెయ్యేళ్ల పైనే ముదిరింది. బౌద్ధాచార్యుడు వసుబంధుడు ‘వింశతిక’ అనే చిన్న గ్రంథంలో కలను ముందుకు తెచ్చాడు. కలలో తోట ఓ చోట, ఓ వేళ కనిపిస్తుంది, అక్కడ తోటే లేదు. కల అని మేలుకున్నాకే తెలుస్తుంది. మనమింకా మేలుకోలేదేమో అన్నాడు. ఆయన బాటలో వచ్చిన దిఙ్నాగుడు, లోపలి రూపమే బయట ఉన్నట్టు తోస్తుందన్నాడు. ఆ దిఙ్నాగుడు వేంగి దగ్గరి కొండ మీద తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ చెప్పాడు. వేంగి అంటే మన ఏలూరు పక్కనున్న పెదవేగే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నా ఒళ్లు పులకరిస్తుంది.

జగత్తు మిథ్య అన్న శంకరులు వీళ్ల పక్షమే అనుకుంటాం. కాదండీ! బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో ఆయన చెంబు తరఫునే నిలబడ్డారు. కడుపునిండా తింటూ, తృప్తి పడుతూ, నేను తినడం లేదనేవాడి మాట ఎవరు వింటారన్నారు. ‘బయట ఉన్నట్టు’ అనాలంటే బయట అనేది ఒకటి ఉండాలిగా, గొడ్రాలి కొడుకులా ఉన్నాడని ఎవరినైనా అంటామా అని నిలదీశారు. కల జ్ఞాపకం, మెలకువ సాక్షాత్తు అనుభవం, రెండూ ఒకటి కావన్నారు. బ్రహ్మజ్ఞానం కలిగేదాకా లోకాన్ని కొట్టిపారెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. నాకు ఆ పట్టుదల ఎంతో ఇష్టం.

తెల్లారాక చెంబు తోముతుంటే అడుగున సొట్ట కనిపించింది. ఎప్పుడు పడిందో ఏమో, ఇన్నేళ్లుగా వాడుతున్నా నాకు తెలియనే తెలియదు. అంతా నా తలపే అయితే, నేనెన్నడూ తలవని ఈ సొట్ట ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? దేవుడి ఎరుకలోంచి అంటాడు బర్క్‌లీ, పాత అనుభవాలు మనసులో మిగిల్చిన వాసనల్లోంచి అంటాడు వసుబంధుడు. నేను మాత్రం వేలితో ఆ సొట్టను తడుముతూ చాలాసేపు పెరట్లోనే కూర్చుండిపోయాను.